గొట్టంలో గోరుముద్ద

మన ఇంటికి ఎవరొచ్చినా, వాళ్లు కాళ్లు కడుక్కుని కూర్చోకముందే మనం అడిగే మాట ఒకటే. "అన్నం తిన్నారా?" ఎండన పడి వచ్చారే, మంచినీళ్లు కావాలా అన్నది కూడా ఆ తర్వాతే. మనకు కోపం వస్తే అన్నం మానేస్తాం. కోపం పోయిందని నోటితో చెప్పం, గిన్నె దగ్గరకు లాక్కుని వడ్డించుకుంటాం. పెళ్లికొచ్చి భోంచేయకుండా వెళ్లిపోయిన మేనమామ సంగతి ఇరవై ఏళ్ల తర్వాత కూడా తవ్వుకుంటాం. ఇక పసిపిల్లల దగ్గరికొస్తే చెప్పనే అక్కర్లేదు. బిడ్డ ముద్ద మింగితే తల్లి గెలిచినట్టు, ఉమ్మేస్తే ఓడినట్టు. మా నవలా రచయిత్రులకైతే గోరుముద్దల దృశ్యం కొంగున కట్టుకున్న కాసు లాంటిది. తల్లి మంచిదని పాఠకులకు తెలియాలంటే వెన్నెల్లో ఆవిడ చేతికో వెండిగిన్నె ఇస్తే సరి, ఇంకేం రాయక్కర్లేదు.

అలాంటి తల్లితో ఒక డాక్టరు, "అమ్మా, ఈ పాపకు ఇక నోటితో పెట్టకండి" అంటే?

చీమకుర్తిలో నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో జరిగిందిది. ఇంటాయన రాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నల్లరాతిలో బంగారు రవ్వలు చల్లినట్టుండే మా ఊరి గెలాక్సీ గ్రానైట్ ఏయే దేశాల్లో ఎవరెవరి వంటింటి గట్లుగా మారుతుందో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. వాళ్ల పాప పుట్టగానే ఏడవలేదు. మెదడుకు ప్రాణవాయువు అందడం ఆలస్యమైంది. మెడ నిలవదు, కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. చూపు మాత్రం చక్కగా ఉంది, తల్లి గొంతు వింటే నవ్వుతుంది. ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందికి కాళ్లూ చేతులతో పాటు మింగే కండరాలు కూడా మాట వినవు. మనం మింగడమంటే ఏముందిలే అనుకుంటాం గానీ, నాలుకా, కొండనాలుకా, గొంతులోని మూతా క్షణంలో ఒకదాని వెనక ఒకటి సరిగ్గా కదిలితేనే ముద్ద అన్నవాహికలోకి పోతుంది. ఆ వరస తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనకు పొలమారితే "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తిన తట్టుకుని నవ్వుకుంటాం. ఆ పాపకు రోజుకు పదిసార్లు పొలమారేది. కొందరికి దగ్గు కూడా రాదు, చడీ చప్పుడూ లేకుండానే పాలు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. తర్వాత జ్వరం, ఆయాసం, న్యుమోనియా, ఆస్పత్రి.

ఆ తల్లి పాపకు ఒక పూట మెత్తని అన్నం పెట్టడానికి రెండు గంటలు పట్టేది. పొద్దున పెట్టడం అయ్యేసరికి మధ్యాహ్నం వేళయ్యేది. అయినా రెండేళ్ల పిల్ల ఏడాది పిల్లంత కూడా లేదు. మూడోసారి న్యుమోనియా వచ్చినప్పుడు డాక్టరు గొట్టం మాట ఎత్తాడు. ముందు ముక్కులోంచి సన్నని గొట్టం వేసి చూద్దాం, తర్వాత పొట్టకే చిన్న రంధ్రం చేసి అక్కడ అమరుద్దాం అన్నాడు.

వాళ్ల అత్తగారు ఒప్పుకోలేదు. "నోరుండగా ముక్కుతో అన్నం పెట్టడమేందమ్మా? ఇదేం ఇడ్డూరం? పిల్ల కడుపుకు బెజ్జం పెట్టి గరాటేసి పోసుద్దంట! రేపు ఊళ్లో ఏమనుకుంటారు?"

ఊళ్లో ఏమనుకుంటారన్న ముక్కని పక్కన పెట్టండి. దానికి జవాబు చెప్పుకుంటూ పోతే బతుకే చాలదు. ఆవిడ మొదటి ప్రశ్న మాత్రం నవ్వి కొట్టిపారేసేది కాదనిపించింది నాకు. నోటితో పెట్టని అన్నం అన్నమేనా? రుచి తెలియకుండా, వాసన తగలకుండా, నమలకుండా పొట్టలోకి పోయేది భోజనమా, మందా? పెట్టే చేయి లేకపోతే పెట్టడమని ఎలా అనగలం?

చిత్రమేమిటంటే, దీనికి జవాబు ఆవిడ దేవుడి గూట్లోనే ఉంది. ఆవిడ రోజూ కాస్త బెల్లం ముక్కో, అరటిపండో దేవుడి ముందుపెట్టి, చుట్టూ నీళ్లు తిప్పి, నైవేద్యం పెట్టానంటుంది. ఆ దేవుడు నమలడు, మింగడు. అయినా ఆయన తిన్నాడనే ఆవిడ నమ్మకం. మిగిలింది ఆయన ఎంగిలేనని కళ్లకద్దుకుంటుంది. నోటితో సంబంధం లేకుండా ఒకరికి అన్నం ముట్టుతుందని మన అమ్మమ్మల కాలం నుంచీ మనకు తెలుసు. పెట్టేవాళ్ల మనసే ముఖ్యమంటాం. మరి మనసునిండా పెట్టే తల్లి చేతిలో గిన్నె బదులు సిరంజి ఉంటే ఆ మాట ఎందుకు చెల్లదు?

ఈ గొట్టం కొత్త వింతేమీ కాదు కూడా. 1790లో లండన్‌లో జాన్ హంటర్ అనే వైద్యుడు, గొంతు పడిపోయి మింగలేకపోతున్న ఒక రోగికి తిమింగలం దవడపుల్ల మీద ఈలుచేప చర్మం తొడిగి గొట్టంలా చేసి, దాంట్లోంచి ఆహారం పంపాడు. వినడానికి వెగటుగానే ఉంది. కానీ ఆకలితో ఉన్న మనిషిని చూస్తూ ఊరుకోలేక దొరికిన వస్తువుతో ఉపాయం పన్నడం వంటింట్లో మనం చేసేదేగా! మన ఆస్పత్రుల్లో నర్సులు రోజుకు పదిసార్లు పలికే "రైల్స్ ట్యూబ్" కూడా ఒక మనిషి పేరే. జాన్ ఆల్‌ఫ్రెడ్ రైల్ అనే ఇంగ్లండు డాక్టరు 1921లో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. ముక్కు గొట్టం కొద్ది వారాలకైతే పనికొస్తుంది గానీ, నెలలూ ఏళ్లూ అంటే ముక్కు ఒరుసుకుపోతుంది, పిల్లలు పీకేసుకుంటారు, పీకిన ప్రతిసారీ మళ్లీ వెయ్యాలి. అందుకే పొట్టకు అమర్చే పద్ధతి. పూర్వం దానికి కడుపు కోసి పెద్ద ఆపరేషనే చేసేవారు. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పాన్‌స్కీ అనే ఇద్దరు వైద్యులు, కడుపు కొయ్యకుండా నోట్లోంచి దీపమున్న గొట్టం పంపి, లోపలినుంచి చోటు చూసుకుని అమర్చే ఉపాయం కనిపెట్టారు. మొదట ఎవరికి చేశారనుకున్నారు? కొన్ని నెలల పసిబిడ్డకే.

అయితే గొట్టమంటే మనకున్న భయం ఉత్త భయం కాదు, దాని వెనక చరిత్ర ఉంది. 1929లో లాహోరు జైల్లో నిరాహారదీక్ష చేస్తున్న జతీంద్రనాథ్ దాస్‌కు బలవంతంగా గొట్టంతో పాలు పోయబోతే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లాయి. 63 రోజుల దీక్ష తర్వాత ఆయన పోయాడు. మణిపూర్‌లో ఇరోమ్ షర్మిల 2000 నవంబరు నుంచి 2016 ఆగస్టు దాకా ముక్కున గొట్టంతోనే బతికింది. ఆమె వద్దంటూనే ఉంది, ప్రభుత్వం పోస్తూనే ఉంది. ఆ ఫోటో మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన పొట్టి శ్రీరాములుగారి పూర్వీకులది కనిగిరి ప్రాంతమే. ఆయన 1952లో మద్రాసులో 58 రోజులు అన్నం మాని ప్రాణం వదిలారు. అన్నం తినడం మనిషి హక్కయితే వద్దనడం కూడా హక్కేనని ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా ఒప్పుకుంటున్నాం.

మరి రెండేళ్ల పాప వద్దంటుందా, కావాలంటుందా? ఎవరు చెప్పాలి?

ఇక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను. నోటితో పెట్టేటప్పుడు ఆ పాప ముఖం చూశాన్నేను. చెంచా దగ్గరకు రాగానే మెడ వెనక్కి విరిచేది, పెదాలు బిగించేది, కళ్లవెంట నీళ్లు కారేవి. అమ్మమ్మ తలపట్టుకునేది, అమ్మ బుగ్గలు నొక్కేది, నాయనమ్మ గిలక్కాయ వాయించేది. ముగ్గురూ ప్రేమతోనే. కానీ నిజం చెప్పుకుందాం, బలవంతంగా పోయడమంటే అదే గదా! బలవంతం గొట్టంలోనే ఉంటుందనీ, చేత్తో పెడితే ఉండదనీ ఎవరు చెప్పారు? నోరులేని పిల్ల తన ఒంటితో "వద్దమ్మా, నాకు ఊపిరాడ్డం లేదు" అని చెబుతుంటే, "అంతా తినేస్తే మంచి పిల్ల" అని మనం ముద్ద మీద ముద్ద కుక్కుతున్నాం. ఆ పూట పట్టుదల పిల్ల ఆకలి కోసమా, మనం పెట్టామన్న తృప్తి కోసమా? ఈ ప్రశ్న వాళ్లనే కాదు, ఒంటినిండా ఆరోగ్యమున్న పిల్లల వెంట గిన్నె పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తే తల్లులందర్నీ అడగాలని ఉంది. కొట్టకండి, మాటవరసకన్నాను.

ఇక చుట్టపుచూపుగా వచ్చి మెల్లగా ఒక మాట విసిరి పోయేవాళ్లుంటారు. "ఇంత అవస్థ పెట్టి ఎందుకమ్మా బతికించడం? దేవుడే తీసుకుపోతే ఆ పిల్లా సుఖపడుద్ది, నువ్వూ సుఖపడతావు." వాళ్లందరూ దుర్మార్గులు కారు. కొందరు కన్నీళ్లతోనే అంటారు. కానీ ఆ మాటలో ఉన్న జాలి ఎవరి మీద?

2016లో చిత్తూరు జిల్లాలో ఒక పేద దంపతులు కాలేయం చెడిపోయిన తమ పసికూతురికి కారుణ్య మరణం ప్రసాదించమని తంబళ్లపల్లె కోర్టు మెట్లెక్కారు. పత్రికల్లో చదివి ఊరూరా కళ్లొత్తుకున్నారు. అంతలో ప్రభుత్వం ఖర్చు భరిస్తామంది. చెన్నైలో కాలేయ మార్పిడి జరిగింది, తండ్రే తన కాలేయంలో ముక్క ఇచ్చాడు. అంటే కోర్టుకెళ్లిన రోజు వాళ్ల ప్రశ్న "మా బిడ్డ బతకాలా, చావాలా" అన్నది కానేకాదు. "డబ్బెక్కడ తేవాలి" అన్నదే. డబ్బు ప్రశ్నకు ధర్మసందేహం వేషం వేయడం మనకు బాగా అలవాటు.

అన్ని కథలూ అలా ముగియవని నాకూ తెలుసు. బొంబాయి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973లో తను పనిచేసే ఆస్పత్రిలోనే ఘోరమైన దాడికి గురై, స్పృహ లేని స్థితిలో 2015 దాకా మంచం మీదే ఉంది. తోటి నర్సులు ఏళ్ల తరబడి మెత్తగా మెదిపి నోటికి పెట్టారు, అది సాగనప్పుడు గొట్టంతో పెట్టారు. ఆమెకు ఆహారం ఆపించమని వేరొకరు వేసిన పిటిషన్ని 2011లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. వద్దు, మేం చూసుకుంటాం అన్నది ఆ నర్సులే. అదే తీర్పుతో, ఇంకా వివరంగా 2018 తీర్పుతో, కోలుకునే ఆశే లేనివాళ్ల విషయంలో కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్స ఆపడానికి మన చట్టంలో దారి ఏర్పడింది. వైద్యుల బోర్డులు చూసి చెప్పాలి, ఒకరి ఇష్టంతో అయ్యేది కాదు. అలాంటి నిర్ణయం తీసుకోవలసి వచ్చిన తల్లిదండ్రుల్ని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదని నా అభిప్రాయం. చివరి రోజుల్లో ఉన్న బిడ్డకు గొట్టం వల్ల సుఖం కంటే నొప్పే ఎక్కువైతే వద్దనుకోవడం కూడా ప్రేమే. కానీ మా చీమకుర్తి పాప చావుకు దగ్గరగా లేదు, అన్నానికి దూరంగా ఉంది. ఆ రెంటికీ తేడా తెలియకుండా జాలిపడేవాళ్లను చూస్తేనే నాకు చిరాకు.

చివరికి పాపకు గొట్టం వేశారు. ముందు ముక్కుకు, మూడు నెలల తర్వాత పొట్టకు. ఒంగోలు ఎంతో దూరం కాదు, 20 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. కానీ ఇంట్లో గొట్టంతో పెట్టడం నేర్చుకోవడం మాత్రం వేరే ఊరికి కాపురానికి పోయినట్టే. ముక్కు గొట్టం ఉన్నన్నాళ్లూ పెట్టే ప్రతిసారీ అది పొట్టలోనే ఉందో లేదో చూసుకోవాలి. సిరంజితో కాస్త వెనక్కి లాగి, ఆ తడిని ప్రత్యేకమైన కాగితం మీద వేస్తే, పొట్టలోని పులుపుకు రంగు మారుతుంది. గాలి ఊది చెవి పెట్టి వినే పాత పద్ధతిని నమ్మి ఊరుకోకూడదని ఇప్పుడు చెబుతున్నారు. అనుమానమొస్తే చుక్క కూడా పొయ్యకూడదు. పాపను తల ఎత్తుగా కూర్చోబెట్టి, సిరంజి పైకెత్తి పట్టుకుంటే జావ దానంతటదే దిగాలి, తోయకూడదు. తర్వాత కాసిని కాచి చల్లార్చిన నీళ్లు, లేకపోతే గొట్టం పూడుకుపోతుంది. పెట్టాక అరగంటైనా పడుకోబెట్టకూడదు.

ఏం పెట్టాలన్నది ఇంకో చదువు. డబ్బా పొడులు కొనాలంటే పాలిష్ ఫ్యాక్టరీ జీతానికి అందవు. ఆహారనిపుణురాలు ఇంటి వంటలోంచే కొలత రాసిచ్చింది. మన నాయనమ్మలు చేసే మొలకెత్తిన రాగుల పిండి ఇక్కడ భలే అక్కరకొచ్చింది. మామూలు రాగిపిండి కాస్త ఎక్కువ వేస్తే జావ గడ్డకట్టుకుపోతుంది. మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన పిండైతే, మొలకలో పుట్టే పదార్థం పిండిని విరగ్గొట్టి జావను పల్చగా ఉంచుతుంది. తక్కువ నీళ్లలో ఎక్కువ బలం పడుతుంది, గొట్టంలో దిగుతుంది. అన్నం, పప్పు, కూర ముక్క మిక్సీలో వేసి, నూనె చుక్కలు కలిపి, సన్నని జల్లెడలో వడగట్టేది. ఒంగోలు సీమ ఎండలకు చేసింది నిలవుంచే వీల్లేదు. ఏ పూటకాపూట. కరెంటు పోతే రోలే గతి. రాగులు మొలకెత్తించే పని ఎవరు మీదేసుకున్నారనుకున్నారు? ఆ అత్తగారే! "మీ మిక్సీలకేం తెలుసే, ఇసుర్రాయి పిండి దిగినట్టు దిగదు" అని కోడలికి పాఠం కూడానూ.

నాకు అన్నిటికంటే ఆలోచన రేపిన సంగతి వేరే ఉంది. చేత్తో పెట్టినన్నాళ్లూ ఆ పాపకు అన్నం పెట్టగలిగింది తల్లి ఒక్కతే. ఏ ముద్ద ఎంత ఉండాలో, ఎప్పుడు ఆపాలో ఆమె వేళ్లకే తెలుసు. పుట్టింట్లో పెళ్లికి కూడా పోలేదు. ఆమెకు జ్వరమొస్తే పాపకు పస్తే. ఎంత గొప్ప తల్లి అని అందరం మెచ్చుకున్నాం. మెచ్చుకోవడం మనకు ఖర్చులేని పని. గొట్టం వచ్చాక ఆ పని శుభ్రంగా చేతులు కడుక్కుని, నేర్చుకుని, ఓపికతో చేసే ఎవరికైనా వస్తుంది. తండ్రికి రావచ్చు, తాతకు రావచ్చు. రావచ్చు అన్నాను, వచ్చిందనలేదు. మొదటి రెండు నెలలూ ఆయన "నాకు భయమమ్మా, నువ్వే పొయ్యి" అని గుమ్మం దగ్గరే నిలబడేవాడు. అంతంత బండరాళ్లను కోసే యంత్రాల మధ్య పొద్దుగూకులూ తిరిగే మనిషికి అరచేతిలో ఇమిడే సిరంజి భయమట! ఒకనాడు ఆమె జ్వరంతో పడుకుని లేవలేకపోయింది. అప్పుడు మోచేతుల దాకా రాతిపొడి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు రాత్రి పూట ఆయనదే.

పనులు పంచుకోవడానికి కష్టం రావాలా అని మీరడగవచ్చు. నేనూ అడుగుతున్నాను.

ఇలాంటి ఇళ్లకు మనం చేయగలిగిందేమిటన్నది కూడా ఆలోచించాలి. 2024 జూలైలో మన రాష్ట్రప్రభుత్వం, పూర్తిగా మంచానికో చక్రాలకుర్చీకో పరిమితమైన వాళ్ల పింఛను నెలకు 5,000 నుంచి 15,000 రూపాయలకు పెంచింది. అందులోకి రావాలంటే వైద్యుల సర్టిఫికెట్టు కావాలి, దానికోసం మెడ నిలవని పిల్లను ఎత్తుకుని వరసలో నిలబడాలి. ఆ రోజు ఇంటి దగ్గర పెద్దపిల్లాణ్ణి చూసుకునే మనిషి కావాలి. జాలి మాటలు చెప్పే అమ్మలక్కలు అలాంటి ఒక్క పూట సాయం వస్తే ఎంత బాగుండును! డొక్కా సీతమ్మగారు లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ వండి పెట్టి "అపర అన్నపూర్ణ" అనిపించుకున్నారు. ఆవిడను తలుచుకుని పొంగిపోతాం. పక్కింటి పిల్లకు జావ కాచేవేళ కరెంటు పోతే రోలు అరువివ్వడానికి మాత్రం మనకు అన్నపూర్ణ గుర్తురాదు.

అత్తగారి ప్రశ్న ఇంకా సగం మిగిలే ఉంది. రుచి మాటేమిటి? బలం గొట్టంలో పోతుంది సరే, రుచి పోదే! వాసన, గిన్నెల చప్పుడు, "ఇంకాస్త వేసుకో" అనే బతిమాలింపు, ఇవేవీ పొట్ట రంధ్రంలోంచి దిగవు. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, గొట్టం ఉన్న పిల్లకు వెనకగదిలో ఒక పక్కన కానిచ్చేసి, తర్వాత అందరూ ముందుగదిలో కూర్చుని తింటారు. అంటే పిల్లను పంక్తిలోంచి లేపేసినట్టే. పూర్వం ఎవరెవర్ని పంక్తికి దూరంగా కూర్చోబెట్టామో గుర్తున్నవాళ్లకు అది ఎంత పెద్ద శిక్షో తెలుసు. గొట్టం పిల్లను ఊపిరాడని బాధలోంచి తప్పిస్తుంది. పంక్తిలోంచి తప్పించేది మనమే.

ఈ ఇంట్లో అలా జరగలేదు. పాప కుర్చీకి దిండ్లు కట్టి, అందరి మధ్యా వేస్తారు. డాక్టరు చూసి, ఫరవాలేదన్న తర్వాత, పాలలో ముంచిన వేలికొన నాలుకకు తాకిస్తారు. అంతే, మింగడానికి కాదు, తెలియడానికి. తియ్యనైతే పాప పెదాలు చప్పరిస్తుంది. పుల్లనైతే మొహం ముడిచి వాళ్ల తాతలా చూస్తుంది.

పోయిన వేసవిలో వాళ్లింట్లో ఆవకాయ కలుపుతుంటే వెళ్లాను. కొత్తకారం ఘాటుకు వీధిలోకే తుమ్ములొస్తున్నాయి. ముసలావిడ మోచేతుల దాకా ఎర్రగా చేసుకుని, జాడీకెత్తి, బేసిన్లో మిగిలిన పిండిలో వేడన్నం కలిపింది. అందరికీ తలో ముద్దా పెట్టింది, నాక్కూడా. పెట్టి, పాప వంక చూసింది. కోడలు కంగారుగా "అత్తయ్యా, వద్దు, కారం" అంది.

"నాకు తెలీదంటే? పెడతానన్నానా?" అని కసిరి, ముద్ద పట్టుకున్న చెయ్యి పాప ముక్కుకు మూరెడు దూరంలో ఆపింది. "వాసన చూడవే నా తల్లీ. మీ నాయనమ్మ ఆవకాయ."

పాప కళ్లు పెద్దవి చేసి, హాచ్చిమని తుమ్మింది.

"చూశావా, ఉప్పు సరిపోయిందంటంది" అని ఆ ముద్ద తను తినేసింది ముసలావిడ.